తిలోదకములు

మృతునకు విడుచు నువ్వులనీటికి తిలోదకమని పేరు. ఒక విషయమును బొత్తిగా విడిచిపెట్టుటను గూడ మనము తిలోదకములిచ్చుట యనియే యందుము. ప్రజానాయకుడు హతుడైనపుడు రాజకీయ పక్షములు జరుపు సంతాపమున ఈ రెండర్థములలో నేది నెరవేరుచున్నదో విచారింపదగియున్నది.

1988 డిసెంబరు 26న, ఇంకను తెల్లవారకమునుపే, విజయవాడలో కాంగ్రెసు శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగారావు హత్య గావింపబడెను. తన ప్రాణమునకు రక్షణ కల్పింపుమని కోరుచు ఆయన నిరాహారదీక్ష సాగించుచున్న శిబిరముననే యీ ఘోరము జరిగినది. ఆయనను పేదల పెన్నిధిగా భావించినవారు వేలకొలది; కక్షల రాజకీయమున ఒక పక్షమువాడని తలచినవారును కలరు. ఆ వివాదమెట్లున్నను, రక్షణ కోరినవానికి రక్షణ లభింపలేదన్న మాట మాత్రము నిజము.

శోకము క్షణములో క్రోధమాయెను. నగరమున రగిలిన మంట కోస్తా జిల్లాలకు ప్రాకెను. 40 మందికి పైగా మరణించిరి. హత్యతో నెట్టి సంబంధమును లేనివారి దుకాణములు, ఇండ్లు కేవలము కులమును బట్టి దగ్ధమయ్యెను. ప్రభుత్వము కర్ఫ్యూ విధించెను. ఎన్.టి. రామారావు మంత్రివర్గమునుండి హోంమంత్రి కోడెల శివప్రసాదరావు వైదొలగెను. 1989 ఎన్నికలలో తెలుగుదేశము అధికారము కోల్పోయెను. రంగా సతీమణి రత్నకుమారి శాసనసభ్యురాలయ్యెను. తరువాత ఊరూర విగ్రహములు వెలసినవి. నాడు పరస్పరము నిందించుకొన్న పక్షములవారే నేడు ఆ విగ్రహములకు పూలమాలలు వేయుచున్నారు.

దీనితో మరియొక దేశపు వృత్తాంతమును పోల్చిచూతము. ఇద్దరు నాయకులును సమానులని నా యభిప్రాయము కాదు. పోల్చదగినది శోకమునకు పాలకులిచ్చిన బదులు. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా మెంఫిస్ నగరమునకేగిన మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 4న హతుడయ్యెను. 100కు పైగా నగరములలో అల్లరులు చెలరేగెను. అధ్యక్షుడు జాన్సన్ సైన్యమును దింపెను. 7వ తేదీని జాతీయ సంతాపదినముగా ప్రకటించెను. అంతటితో నాగలేదు. ఇండ్ల విక్రయమునందును, అద్దెలయందును జాతివివక్షను నిషేధించు శాసనముపై 11న సంతకము చేసెను. 16న సమ్మె పరిష్కారమై కార్మికసంఘము గుర్తింపు పొందెను. వివక్ష అంతటితో అంతరించినదని కాదు. కాని మృతుడు సగములో విడిచిన పని యొకటి పూర్తియయ్యెను. ఆయన జన్మదినమును సెలవుదినము చేయు శాసనము 1983లో గాని రాలేదు. అనగా పని ముందు, పూలమాల తరువాత.

మన నగరమున పూలమాలయే ముందు వచ్చినది. ప్రాణభయముతో రక్షణ కోరిన పౌరునకు ఎవరు, ఎంతలో బదులీయవలెను? నేను విన్న వర్ధంతి సభలలో పొగడ్తయు నిందయు వినబడినవే గాని యీ ప్రశ్న వినబడలేదు.

స్మరణకు వేరొక మార్గమును కలదు. 1985 సెప్టెంబరు 3న వరంగల్లులో పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘ ఉపాధ్యక్షుడు డాక్టరు రామనాథము తన వైద్యశాలలోనే హతుడయ్యెను. ఆయన పేర ఢిల్లీలోని ప్రజాస్వామిక హక్కుల సంస్థ స్మారకోపన్యాసములను నెలకొల్పినది. విగ్రహము ఎదుట జనము తలవంచి వెడలిపోవుదురు. ఉపన్యాసము ముగిసినపిదప ప్రశ్నింతురు. మన విద్యార్థులకు నేర్పదగిన నివాళి ఈ రెండవది.