కొత్త బ్యానరు ఓడ... మొదటి ఆటకే ఎక్కేద్దామా?

సినిమా వాళ్ళకి ఓడంటే మహా మోజు. ఎందుకంటారా? ఒకసారి పాత్రలన్నిటినీ ఓడ ఎక్కించేస్తే ఇక ఎవరూ పారిపోలేరు! అలిగిన అల్లుడూ, అప్పిచ్చిన ఆసామీ, పాత ప్రియురాలూ, కొత్త పెళ్ళాం... అందరూ ఒకే భోజనాల హాల్లో ఎదురుపడి తీరాల్సిందే. అమెరికా టీవీ వాళ్ళు ఈ కిటుకు పట్టుకుని 1977 నుంచి 1986 దాకా 'ది లవ్ బోట్' అనే సీరియల్ నడిపేశారు. హిందీ వాళ్ళు 2015లో 'దిల్ ధడక్‌నే దో' తీశారు. మన బాపు-రమణలు వీళ్ళందరికంటే ముందే, 1973లోనే, 'అందాల రాముడు' తీసి రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీలో ఒక ఊరికి సరిపడా జనాన్ని ప్రయాణం చేయించారు. ఆ లాంచీ ముందు ఏ ఓడైనా దిగదుడుపే అనుకోండి, అది వేరే సంగతి.

తెరమీద ఓడల మాట అలా ఉంచి, నిజం ఓడ మాటకొద్దాం. 2022 జూన్‌లో కార్డేలియా క్రూయిజెస్ అనే కంపెనీ వారి 'ఎంప్రెస్' నౌక మన విశాఖపట్నం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. 2023 సెప్టెంబరు 4న విశాఖ రేవులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌కి ప్రారంభోత్సవం కూడా అయింది. అంతవరకూ ఓడ ఎక్కడమంటే మనకి అండమాన్ వెళ్ళే నౌకే. అంతకు ముందు తరానికైతే రంగం వెళ్ళే స్టీమరు. మన తాతలు పొట్టకూటి కోసం ఓడెక్కారు. మనం సరదాకి ఎక్కుదామా అని ఆలోచిస్తున్నాం. కాలం మారింది గురూ!

మరి చిక్కేమిటి? చిక్కేమిటంటే ఆ కంపెనీ పేరు మనకి కొత్త. మన వీధిలో ఎక్కినవాళ్ళు లేరు, మన ఆఫీసులో ఎక్కినవాళ్ళు లేరు. అచ్చం కొత్త బ్యానరు సినిమా వ్యవహారమే. నిర్మాత ఎవరో తెలీదు, దర్శకుడు ఎవరో తెలీదు, పోస్టర్లు మాత్రం ధగధగ లాడుతున్నాయి. మొదటి ఆటకి దూరేద్దామా, టాకు వచ్చేదాకా ఆగుదామా?

సినిమా అయితే పోయేది మూడు గంటలూ, టిక్కెట్టు డబ్బులూ. నచ్చకపోతే ఇంటర్వెల్లో లేచి వచ్చేస్తాం. నడిసముద్రంలో ఇంటర్వెల్ ఉండదు కదా! అందుకే ఈ వారం ఈ గొడవ మీ ముందు పెడుతున్నాను. నాకిది ఊసుపోని చర్చ కాదు. మా అమ్మకి డెబ్భై రెండేళ్ళు. 'అందాల రాముడు' చూసిన నాటినుంచీ నీళ్ళమీద ఒక రాత్రి నిద్రపోవాలని ఆవిడ కోరిక. మా చెల్లెలు చీటీ పాడిన డబ్బు చేతిలో పెట్టుకుని, "అన్నయ్యా, వెళ్దామా వద్దా? తేల్చి చెప్పు" అని కూచుంది. తేల్చడం నా వంతయింది.

ముందు కథానాయిక చరిత్ర చూద్దాం. 'ఎంప్రెస్' కొత్త ఓడేం కాదు. 1990లో ఫ్రాన్సులోని సెయింట్ నజేర్ ఓడల కార్ఖానాలో పుట్టింది. అప్పటి పేరు 'నార్డిక్ ఎంప్రెస్', అప్పటి యజమాని రాయల్ కరీబియన్. 2008 నుంచి 2016 దాకా స్పెయిన్ దేశపు పుల్‌మాంటూర్ కంపెనీ కింద తిరిగింది. మళ్ళీ పుట్టింటికి చేరింది. 2020 చివర్లో అమ్ముడుపోయి, 2021 సెప్టెంబరులో బొంబాయి నుంచి కార్డేలియా పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టింది. అంటే ఏమిటన్నమాట? పాత సినిమాకి రంగులద్ది, పేరు మార్చి రీ-రిలీజ్ చేశారు.

"అయ్యో, ముప్పై ఏళ్ళ పాత ఓడా!" అని గుండెలు బాదుకోకండి. ఓడ వయసు సినిమా హీరో వయసు లాంటిది. లెక్క కంటే మెయింటెనెన్సు ముఖ్యం. ప్రయాణీకుల నౌకలకి వరసగా తనిఖీలుంటాయి. అవి దాటితేనే సర్టిఫికెట్టు. కాకపోతే పాత ఓడలో బాల్కనీ గదులు తక్కువ, లోపలి గదులు చిన్నవి. 2024లో బయల్దేరిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' 365 మీటర్ల పొడుగు. మన ఎంప్రెస్ 210 మీటర్ల చిల్లర. పోస్టరు మీద స్వర్గం చూసి లోపల ఇంద్రభవనం వెతికితే తప్పు ఓడది కాదు.

అసలు భయం ఓడ గురించి కాదు, కంపెనీ గురించి. ఈ వ్యాపారంలో బ్యానర్లు మూతపడటం మామూలే. జలేష్ క్రూయిజెస్ అని ఒకటి 2019లో మన దేశంలోనే మొదలైంది. 'కర్ణిక' అని చక్కటి పేరున్న ఓడ. 2020లో కరోనా వచ్చి కూర్చుంది, అక్టోబరుకల్లా కంపెనీ మూతపడింది, ఓడ గుజరాత్‌లోని అలంగ్‌కి తుక్కు కిందకి పోయింది. ఇంకో విశేషం వినండి. 'దిల్ ధడక్‌నే దో'లో తారలంతా చిందులు వేసిన ఓడ పేరు 'సావరిన్'. అది 1988లో పుట్టినప్పుడు విహార నౌకల్లోకెల్లా పెద్దది. దాన్ని నడిపింది కూడా పై పుల్‌మాంటూర్ వాళ్ళే. 2020లో ఆ కంపెనీ దివాలా బాట పట్టింది, ఓడ టర్కీలో తుక్కయింది. ఎంప్రెస్ ఆ ఇంటినుంచి ముందే బయటపడి బతికిపోయింది. ఓడల జాతకాలూ తారల జాతకాల్లాంటివేనన్నమాట!

దీన్నించి నేను నేర్చుకున్న నీతి ఒకటే. కొత్త కంపెనీకి ఏడాది ముందుగా మొత్తం డబ్బు కట్టకూడదు. ప్రయాణం దగ్గరపడ్డాక కట్టాలి. వీలైతే క్రెడిట్ కార్డు మీద కట్టాలి, రేపు తేడా వస్తే బ్యాంకు దగ్గర మొరపెట్టుకోవడానికి ఒక దారి ఉంటుంది. "ఈ రాత్రికే ఆఖరు, సగం ధరకే" అని ఫోన్ చేసే ఊరూపేరూ లేని ఏజెంటుకి అసలే కట్టకూడదు.

"అయితే పెద్ద పేరున్న కంపెనీ ఓడే ఎక్కుదాం, గొడవ వదిలిపోతుంది" అంటారా? ఆగండాగండి. 1912లో టైటానిక్‌ని నడిపిన వైట్ స్టార్ లైన్ గల్లీ కంపెనీ కాదు. ఓడలో సుమారు 2,200 మంది ఉంటే ప్రాణరక్షక పడవల్లో చోటు 1,178 మందికి! 2012 జనవరి 13న ఇటలీ తీరంలో రాయికి కొట్టుకుని ఒరిగిపోయిన 'కోస్టా కాంకార్డియా' కూడా యూరప్‌లో అందరికీ తెలిసిన కంపెనీదే. 32 మంది పోయారు. ఆ రోజే ఓడెక్కినవాళ్ళలో చాలామందికి, ప్రమాదం వస్తే ఎటు పరుగెత్తాలో చూపించే కసరత్తు అప్పటికి జరగనే లేదు. టైటానిక్ తర్వాత 1914లో ప్రపంచ దేశాలు కూర్చుని ఓడల భద్రతకి నిబంధనలు రాసుకున్నాయి. కాంకార్డియా తర్వాత వాటిని ఇంకా బిగించాయి. ఇప్పుడు ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ఆ కసరత్తు జరిపి తీరాలి.

అంత దూరం ఎందుకు? 2019 సెప్టెంబరు 15న మన గోదావరిలోనే, పాపికొండలు చూడటానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర వరదనీటిలో మునిగిపోయింది. ఎన్ని ఇళ్ళల్లో దీపాలు ఆరిపోయాయో మనకి తెలుసు. నదిలో ఆ రోజు వరద ఉందా లేదా, లైఫ్ జాకెట్టు ఒంటిమీద ఉందా మూల ఉందా... ఇవే ప్రాణం నిలబెట్టే ప్రశ్నలు. బోటు పేరు ఎంత అందంగా ఉందన్నది కాదు. కాబట్టి కుర్రకారుకి నా మనవి. ఓడెక్కగానే ఈతకొలను దగ్గర సెల్ఫీకి కాదు, ముందు ఆ కసరత్తుకి వెళ్ళండి. మీ పడవ నంబరు ఎంతో, మీ గదినుంచి అక్కడికి మెట్లు ఎటువైపో చూసుకోండి. తర్వాత ఎన్ని సెల్ఫీలైనా దిగండి, ఎవరొద్దన్నారు!

అన్నట్టు, మీలో కొందరు ఈపాటికే గొణుక్కుంటూ ఉంటారు... "2021 అక్టోబరులో మాదకద్రవ్యాల దాడి జరిగింది ఈ ఓడమీదే కదండీ!" అని. అవును, ఇదే. ఒక హిందీ అగ్రనటుడి కుమారుడి పేరు వారాల తరబడి పత్రికల్లో మోగింది. 2022 మేలో అధికారులు అభియోగపత్రం దాఖలు చేసినప్పుడు, తగిన ఆధారాలు లేవని ఆ కుర్రాడి పేరు అందులో చేర్చలేదు. మొదటి వార్తకి దక్కిన పెద్దక్షరాలు రెండో వార్తకి దక్కలేదు, అంతే తేడా. గాసిప్పుని బట్టి ఓడనీ, మనిషినీ తూచకూడదని నా అభిప్రాయం.

గాసిప్పు కంటే పనికొచ్చే సంగతి ఇంకోటుంది. 2022 జూన్‌లో ఇదే ఓడ పుదుచ్చేరి వెళ్ళాలి. క్యాసినో వగైరాల గొడవ లేచి అక్కడి ప్రభుత్వం రానివ్వలేదు. పుదుచ్చేరి చూద్దామని వెళ్ళినవాళ్ళకి పుదుచ్చేరి లేదు! క్రూయిజ్ టిక్కెట్ల షరతుల్లో మామూలుగానే ఒక చిన్నక్షరాల ముక్క ఉంటుంది. వాతావరణం వల్లో, అనుమతి లేకో ఏ రేవునైనా మార్చే హక్కు, వదిలేసే హక్కు ఓడవారికి ఉంటుందని. కాబట్టి ఊరు చూడాలని ఓడెక్కకండి. ఊరు చూడాలంటే రైలుంది. ఓడ చూడాలంటే ఓడెక్కండి.

ఇక టిక్కెట్టు. ప్రకటనలో కనబడే ధర సాధారణంగా ఒక్కరిది, అదీ గదిలో ఇద్దరుంటేనన్న లెక్క. ఒంటరిగాళ్ళకి వాత ఎక్కువ. దానిమీద రేవు సుంకం, జి.ఎస్.టి., సిబ్బందికి ఇచ్చే ముడుపు... అన్నీ కలిపి చివరి అంకె ఎంతో కాయితం మీద రాయించుకోండి. భోజనం టిక్కెట్లోనే ఉంటుంది. మందూ, వై-ఫై, ఒడ్డుమీద షికార్లూ వేరే. ఒడ్డు కనుమరుగయ్యాక ఫోన్‌లో విమానం బొమ్మ నొక్కేయండి. లేకపోతే ఓడలోని శాటిలైట్ రోమింగ్ తగులుకుని బిల్లు తాటిచెట్టంత లేస్తుంది. టిక్కెట్టు ఎక్కిన రేవుకే తిరిగొస్తుందా, వేరే ఊళ్ళో దింపేస్తుందా అన్నది కూడా చూసుకోండి. చెన్నైలో దింపితే ఇంటికి రైలు ఖర్చు మనదే!

మరి అల? నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టే ఆ రోజుల్లో బొంబాయి ఓడ మన తూర్పు తీరానికి వచ్చింది. మన బంగాళాఖాతం ఏమైనా పెద్దమనిషా? మేలోనూ, అక్టోబరు-డిసెంబరు మధ్యనా తుపాన్లు తెస్తుంది. కింది అంతస్తులో, ఓడ నడిమధ్య ఉన్న గదికి ఊపు తక్కువ. ఉయ్యాల కొసన ఊగినంత, మధ్యలో ఊగదు కదా, అదే సూత్రం. ఇంటి పెద్దలుంటే వైద్యుణ్ణి అడిగి వాంతుల మాత్ర దగ్గర పెట్టుకోవాలి.

ఇవన్నీ ఏకరువు పెట్టి, "ఒక ఏడాది ఆగి చూద్దామే" అన్నాను మా చెల్లెలితో. అది ఒకే మాట అంది: "సినిమాకైతే టాకు వచ్చేదాకా ఆగొచ్చు అన్నయ్యా... అమ్మ మోకాళ్ళు ఆగుతాయా?" నా దగ్గర జవాబు లేదు. కొత్త కంపెనీని నమ్మితే పోయేది డబ్బు. కాలాన్ని నమ్మితే? ఆ లెక్క ఏ చిన్నక్షరాల్లోనూ రాయరు.

అందుకని తేల్చేశాను. విశాఖ నుంచి ఓడ వేసే సీజను ప్రకటించగానే వెళ్తున్నాం. అయితే మొదటి ఆటకి కాదు, రెండో వారం మ్యాట్నీకి! అంటే సీజనులో తొలి ట్రిప్పు వదిలేసి రెండోదో, మూడోదో. అయిదు రాత్రులు కాదు, రెండే. బాల్కనీ కాదు, కింది అంతస్తులో నడిమి గది, కిటికీ మాత్రం ఉండాలి. ఒక రోజు ముందే విశాఖ చేరుకుంటాం, దిగిన రోజు రాత్రికి రైలు పెట్టుకోం. మా అమ్మకి ఈ షరతులన్నీ చదివి వినిపిస్తే, "ఒరేయ్, కిటికీలోంచి నీళ్ళు కనబడతాయి కదా? చాల్లే" అంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి కోరిక ఒకటి ఏ మూలో ఉండే ఉంటుంది. ఓడే కానక్కర్లేదు. అమ్మనో నాన్ననో ఈ ఆదివారం అడిగి చూడండి. అడిగాక ప్రశ్నలన్నీ వేసుకోండి, లెక్కలన్నీ కట్టుకోండి. కానీ లెక్కలు కడుతూ కడుతూ ఓడ వెళ్ళిపోయేదాకా మాత్రం కూర్చోకండి. ఉంటాను మరి!