జహీరాబాద్‌ను మరిచారు



గత సంచికలో జపాన్ మినీబస్సుల వ్యాసం చదివాను. 1980లలో మన దేశానికొచ్చిన టొయోటా, మజ్దా, మిత్సుబిషిల గురించి వివరంగా రాశారు. నాలుగోదైన నిస్సాన్‌ను మాత్రం వదిలేశారు. మన తెలంగాణ గడ్డ మీదికి వచ్చింది అదే!

1942లో మొదలై, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, వాచీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ అనే చిన్న ట్రక్కు తయారీ చేపట్టింది. జపాన్‌లో 1968లో మొదలైన పేరది. దీనికి ముందుకు పొడుచుకొచ్చే బానెట్ ఉండదు, ఇంజిన్ క్యాబిన్ కిందే. అందుకే బండి పొట్టిదైనా వెనక చోటు ఎక్కువ. అలాంటి ఛాసిస్ మీద సరుకుల తొట్టీ కట్టొచ్చు, మినీబస్సు బాడీ కూడా కట్టొచ్చు.

తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. ఆల్విన్ మూతపడినా జహీరాబాద్‌లో తయారీ ఆగలేదు.

మా కొంపల్లి మీదుగా పొద్దున్నే స్కూలు పిల్లలతో, కార్మికులతో మేడ్చల్ వైపు సాగే స్వరాజ్, ఐషర్ మినీబస్సులు మజ్దా, మిత్సుబిషిలతో కుదిరిన ఆ తరం ఒప్పందాల వారసులే. ఆ చరిత్రలో మన కార్మికుల చెమటా ఉంది. ఆల్విన్‌లో పనిచేసి రిటైరైనవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లను కలిసి, వాళ్ల మాటల్లోనే ఒక వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు, కొంపల్లి