ఆకాశయానమును, ఉద్దానపు నేలయును

ఆకాశమున పయనించు విమానమునకును, ఉద్దానపు ఇసుకనేలలో జీడిమొక్క నాటుకొను రైతునకును సంబంధమేమని కొందఱడుగవచ్చును. ఆ సంబంధమేమో మందస, వజ్రపుకొత్తూరు మండలములలోని గ్రామములవారు చక్కగా నెఱుగుదురు. పలాస ప్రాంతమున విమానాశ్రయము నిర్మింపవలెనను ప్రతిపాదన బయలుదేరి, దానికి సుమారు 1,400 ఎకరముల భూమి కావలెనని వెల్లడియైనది మొదలు ఆ యూళ్ల రచ్చబండలపై ఈ ప్రసంగమే ముఖ్యమైనది. 2025లో రైతులు సభలు కూడి తమ తోటలను ఈయజాలమని ప్రకటించిరి. అభివృద్ధికి అడ్డుపడుచున్నారని వారిని నిందించువారును గలరు. ఇరుపక్షములవారును ఆవేశపడక ముందు విమానసంస్థలెట్లు పెరుగునో, వేనివలన నిలుచునో విచారించుట మేలని మేము తలంచుచున్నాము.

విమానయానమునకు మేము విరోధులము గాము. పరపాలనమున మన సముద్రవ్యాపారమంతయు విదేశీయుల స్టీమరు కంపెనీల గుప్పిటనున్న దినములను ఈ తీరమువారు మఱవలేదు. కళింగపట్నము, బారువ రేవులు ఒకనాడు కళకళలాడినవే. ఈ తీరపు కూలీలు వేలకొలది రంగూనునకు పోయినది పరాయివారి ఓడలపైననే. అట్టి కాలమున, 1932 అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి చిన్నవిమానమున టపాసంచులను మోసికొనివచ్చి స్వదేశీ విమానయానమునకు నాంది పలికెను. ఆ సంస్థయే 1946లో ఎయిర్ ఇండియాయైనది. 1948 జూన్ 8న దాని విమానము బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు బయలుదేరినపుడు స్వతంత్రభారతమునకు ఇంకను ఏడాది నిండలేదు. 1953లో అది జాతీయమైనది. 1962 నాటికి దాని విమానములన్నియు జెట్ విమానములే. అట్టి ప్రతిష్ఠ ప్రపంచమున మఱి యే సంస్థకును అంతకుముందు దక్కలేదు.

ఈ పెంపువలని ఫలము ధనికులకు మాత్రమే దక్కినదనుట సత్యము గాదు. 1990లో ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినపుడు, అచ్చట చిక్కుకొన్న భారతీయులను లక్షకు పైబడి అమ్మాను నగరమునుండి స్వదేశమునకు చేర్చినది ఎయిర్ ఇండియాయే. రమారమి రెండుమాసములపాటు ఐదువందల పర్యాయములకు సమీపముగా దాని విమానములు తిరిగినవి. అందు కోటీశ్వరులకంటె కూలీలే మెండు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురము ప్రాంతములనుండి నేడును యువకులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. కనుక విమానమనిన ఉద్దానమువారికి విలాసవస్తువు గాదు. బిడ్డను దూరమునకు గొనిపోయి మరల తెచ్చి యొడిలో నుంచు వాహనము.

అయితే కీర్తి యొక్కటియే సంస్థను నిలుపజాలదు. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్సును దానితో కలిపినపిదప ఎయిర్ ఇండియా అప్పులలో కూరుకొనిపోయినది. తుదకు 2022 జనవరి 27న, 18,000 కోట్ల రూపాయల బేరముపై అది టాటాల చేతికి మరల చేరినది. ఆ మొత్తమున 2,700 కోట్లు మాత్రమే రొక్కము. తక్కినదంతయు అప్పు భారమే. 2023 ఫిబ్రవరిలో ఆ సంస్థ 470 విమానములు కొనుటకు నిశ్చయించినట్లు ప్రకటించినది. 2024 నవంబరులో విస్తారా సంస్థయు దానియందు లీనమైనది. ఇంతటి విస్తరణకు నడుమ, 2025 జూన్ 12న అహమ్మదాబాదులో లండనునకు బయలుదేరిన దాని విమానము కూలి, విమానమునందలి 242 మందిలో ఒక్కరుదప్ప అందఱును మృతినొందిరి. నేలపైనున్నవారును అనేకులు ప్రాణములు గోల్పోయిరి. విమానముల సంఖ్య పెరుగుట యొకటి, వానిని నడుపు శ్రద్ధ పెరుగుట మఱియొకటి యని ఆ దుర్దినము మనకు బోధించినది.

ఈ చరిత్రను ఇంత విపులముగా చెప్పుటకు కారణము గలదు. ఎంత గొప్ప విమానసంస్థకైనను జీవము ప్రయాణికులే. విమానము నేలపై నిలిచిన ప్రతిగడియయు నష్టము. ఖాళీగానున్న ప్రతిపీటయు నష్టము. ఇంధనపు ఖర్చు, అద్దెలు, వడ్డీలు నిండుగానున్న విమానమునకును, సగము నిండినదానికిని ఇంచుమించుగా సమానమే. కనుక సంస్థలు జనమున్నచోటికే పోవును. జనములేని చోటికి ప్రభుత్వము సొమ్మిచ్చినంతకాలము మాత్రమే వచ్చును. ఇది వారి దోషము గాదు. ఆ వ్యాపారధర్మమే యట్టిది.

దీనికి నిదర్శనము కావలెనన్న దూరము పోనక్కఱలేదు. చిన్నపట్టణములకు విమానములు నడపుటకై కేంద్రప్రభుత్వము ఉడాన్ పథకమును పెట్టి, మూడేండ్లపాటు సంస్థల నష్టమును భరించుట కొప్పుకొన్నది. 2023లో వెలువడిన కాగ్ నివేదిక ఏమి చెప్పినది? పరిశీలించిన 774 మార్గములలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371 మార్గములలో మూడేండ్ల గడువు ముగిసినపిదపను నిలిచినవి, 2023 మార్చి నాటికి, 54 మాత్రమే. మార్గము మూతపడినచో విమానము వేఱొక యూరికి పోవును. సంస్థకు పోయినది స్వల్పము. కాని రన్‌వే క్రింద పడిన జీడితోట ఎచ్చటికి పోవును?

పలాసకు ఈ కొలమానమునే పెట్టి చూతము. హౌరా, మద్రాసు రైలుమార్గము పలాసమీదుగనే పోవుచున్నది. జాతీయరహదారి చెంతనే యున్నది. దక్షిణమున భోగాపురమున అల్లూరి సీతారామరాజు పేర అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. దానికై భూములిచ్చిన రైతులును ఉత్తరాంధ్రమువారే. ఆ యాశ్రయమునకు పలాసనుండి రహదారిపై రెండు మూడు గంటల ప్రయాణము. అది నిండుగా పనిచేసి, దానికి మించి జనము పోటెత్తిన పిమ్మట రెండవదాని యావశ్యకతను లెక్కించుట వివేకము. సరకు రవాణాకై యందురా? విమానమున పోవునవి త్వరగా చెడునట్టివియు, తేలికయై విలువ హెచ్చైనట్టివియు. పలాస జీడిపప్పు లారీలలోను, రైళ్లలోను నిక్షేపముగా దేశమంతయు తిరుగుచున్నది. రొయ్యలు, చేపలు గలవు, నిజమే. సంతబొమ్మాళి మండలమున మూలపేట రేవు నిర్మాణమునకును 2023లోనే పునాది వేసిరి. ఇవి యన్నియు కలిసి ఎన్ని టన్నుల సరకును ఆకాశమున కెక్కింపగలవో ఆ లెక్కను ప్రజలముందుంచిన వాదమునకు బలము కలుగును. లెక్క చూపక ఆశ చూపుట బేరము గాని పాలనము గాదు.

ఇక భూమి మాట. ఉద్దానమను పేరు ఉద్యానమను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. జీడి, కొబ్బరి, పనస, మామిడి ఇచ్చటి సిరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ సిరిని ఒక్కరాత్రిలో నేలగూల్చెను. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టునని యెఱిగియు రైతు మరల నాటెను. ఇచ్చటి పల్లెలను మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా పీడించుచున్నది. పలాసలో ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. యజమాని మంచము పట్టిన యింట తోటయే పోషకుడు. అట్టి తోటను ఎకరమునకింత యని వెలగట్టుట సులభము. ఏడాదికేడాది అది పెట్టు కూటిని వెలగట్టుట కష్టము.

ఈ నేలకు జ్ఞాపకశక్తి మెండు. 1940 మార్చిలో అఖిలభారత కిసానుసభ కూడినది పలాసలోనే. ఆ మఱుసటి మాసము మొదటితేదీననే మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసుల తుపాకులకు ఎదురు నిలిచి గున్నమ్మ ప్రాణమర్పించినది. అది పరపాలనమని సరిపెట్టుకొందుము. స్వపరిపాలనమున, 2010లో సోంపేట బీలకై, 2011లో టెక్కలి చెంతనున్న కాకరాపల్లి తంపరకై ప్రతిఘటించిన రైతులపై కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. ఆ రెండుచోట్లను తలపెట్టినవి విద్యుత్కేంద్రములు. వానికిని అభివృద్ధి యనియే పేరు. ముందు భూమి, పిదప సంభాషణ యను పద్ధతికి ఈ జిల్లా చెల్లించిన మూల్యము చాలును.

2013 నాటి భూసేకరణ చట్టము సామాజిక ప్రభావ విచారణను, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య నిర్మాణములకు నూటికి డెబ్బదిమంది బాధితుల సమ్మతిని విధించినది. గ్రామములలో మార్కెట్ విలువకు రెండు మొదలు నాలుగు రెట్ల వఱకు పరిహారమును నిర్ణయించినది. మన రాష్ట్రము 2018లో దానిని సవరించి, కొన్ని నిర్మాణములను ఆ విచారణనుండి తప్పించు అధికారమును ప్రభుత్వమునకు కల్పించినది. ఆ యధికారమును ఉద్దానమున వాడరాదని మా దృఢాభిప్రాయము. చట్టము మినహాయింపు నీయవచ్చును, న్యాయము ఈయదు.

మేము కోరునది స్వల్పము. విమానాశ్రయ సాధ్యతాపరిశీలన నివేదికను తెలుగున ముద్రించి ప్రతి పంచాయతీకి పంపవలెను. ప్రయాణికుల, సరకుల అంచనాలను, ఏ సంస్థ ఎన్నేండ్లు విమానములను నడుపుటకు కట్టుబడునో ఆ యొడంబడికను వెల్లడింపవలెను. గ్రామసభలు పోలీసుల కాపలా లేక జరుగవలెను. తోటలు లేని ప్రభుత్వభూములను ముందుగా వెదకవలెను. తప్పనిసరియైనచో యజమానితోపాటు కౌలుదారునకును, తోటకూలికిని జీవనాధారమును చూపవలెను. 2024 జూన్ నెలలో కేంద్ర పౌరవిమానయానశాఖను స్వీకరించిన కింజరాపు రామమోహననాయుడుగారు ఈ జిల్లా బిడ్డ. తమ జిల్లాకు విమానాశ్రయము తేవలెనను వారి యాకాంక్ష సహజము. ఆ జిల్లా రైతునకే తొలుత లెక్క యొప్పజెప్పుట అంతకంటె గౌరవప్రదము.

రైతులకును ఒక మాట. మంకుపట్టుగా కాదనుటకంటె లెక్క యడుగుటయే బలమైన ఆయుధము. ఆ లెక్క తేలి, మేలు నిజమని కన్నులకు కట్టిననాడు ఉద్దానమువారు ఔదార్యమున ఎవరికిని తీసిపోరు. తేలనంతవఱకు వారి తోటలు వారివి.