పాటలో కట్... బాటలో ఫట్!

మే నెల వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు. ఘాటు తగ్గుతుంది గానీ ఎండ తగ్గదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఫ్యాను కింద కునుకు తీస్తుంటే మా మేనల్లుడు ఊడిపడ్డాడు. వాళ్లది చిలకలూరిపేట దగ్గర పల్లె. అబ్బాయి ఉద్యోగం హైదరాబాదులో.

"మావయ్యా! వచ్చే వేసవికి అమ్మనీ నాన్ననీ ఫారిన్ తీసుకెళ్తన్నా. ప్లాన్ రెడీ!" అంటూ ఒక కాగితం నా ముందు పెట్టాడు.

చూశాను. లండన్, పారిస్, జెనీవా, ఇంటర్‌లాకెన్, మిలాన్, వెనిస్, రోమ్. ఏడు ఊళ్లు... పది రోజులు!

"ఏందిరా ఈ లెక్క?" అన్నాను.

"అన్నీ పాటల్లో చూసిన ఊళ్లే మావయ్యా!" అన్నాడు గర్వంగా.

అక్కడే ఉంది కిటుకు, మిత్రులారా! పాటలో పల్లవి పారిస్‌లో, మొదటి చరణం మంచుకొండ మీద, రెండో చరణం వెనిస్ పడవలో. మధ్యలో ఉన్నది ఒక్క కట్. ఎడిటర్ గారి కత్తెర! ఆ కత్తెర సందులో ఏం పోయిందో తెర మీద కనబడదు. సామాన్లు సర్దడం, స్టేషన్‌కు పరుగు, బండి కోసం ఎదురుచూపు, కొత్త ఊళ్లో బస వెతుక్కోవడం... ఇవన్నీ తెలిసినవాడు ప్రొడక్షన్ మేనేజర్ ఒక్కడే. పాపం, టైటిల్స్‌లో ఆయన పేరు పడే వేళకి మనం సీటు వెతుక్కుంటూ ఉంటాం!

ఈ మోజు ఇవాళ్టిది కాదు. 1964లో రాజ్ కపూర్ 'సంగం'లో వెనిస్, పారిస్, స్విట్జర్లాండులను రంగుల్లో చూపించినప్పటి నుంచీ జనానికి ఈ కల పట్టుకుంది. అయితే తెరను నమ్మి టికెట్టు కొంటే చిక్కే. 'ఆర్‌ఆర్‌ఆర్'లో 'నాటు నాటు' ఎక్కడ తీశారు? కథ ప్రకారం ఢిల్లీ. తీసింది 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో! కాబట్టి మొదటి సూత్రం: ఊరి పేరు పాటలో కాదు, పటంలో వెతకండి.

మావాడికి కాగితం వెనక్కి తిప్పి లెక్క చెప్పాను. ఏడు ఊళ్లంటే మధ్యలో ఆరు మజిలీ మార్పులు. రైలు మూడు గంటలే అయినా గది ఖాళీ చేసిన దగ్గర్నుంచి కొత్త గదిలో పెట్టె దించేదాకా ఆరు గంటలు వేసుకో. ఆరు ఆర్లు ముప్ఫై ఆరు. అంటే పగళ్ల లెక్కన మూడు రోజులు ఫట్! పది రోజుల డబ్బు పెట్టి ఏడు రోజులు చూస్తావు. మిగతాది పెట్టె మోస్తావు.

వాడి మొహం ఇంటర్వెల్లో కరెంటు పోయినట్టయింది.

ఇందులో నవ్వులాట కాని సంగతి ఒకటుంది. ఈ ప్రయాణానికి వాడి జీతం ఒక్కటే కాదు, మా బావ మిర్చి అమ్మిన డబ్బూ కొంత కలుస్తోంది. మిర్చి ధర సంగతి మన జిల్లాల వాళ్లకి చెప్పాలా? ఒక ఏడు ఆకాశం, మరో ఏడు పాతాళం. ఈ ప్రయాణం చెడితే మళ్లీ చేద్దాం లెమ్మనుకునే అవకాశం వాళ్లకి లేదు. పైగా మా అక్కకి మోకాళ్ల నొప్పులు.

"అసలు మీ అమ్మనడిగావా, ఏం చూడాలనుందో?" అన్నాను.

అడగలేదు! అక్కడే ఫోను కలిపాం. అవతల మా అక్క తాపీగా చెప్పింది: "ఒరేయ్ తమ్ముడూ, ఏడూళ్లు ఎవరు తిరుగుతార్రా! సినిమాల్లో ఆ మంచుకొండ చూపిస్తారే, అక్కడ కాసేపు కూచుంటే చాలు. మీ బావకి ఆ నీళ్ల ఊరు చూడాలనుందంట."

అయిపోయింది. ఎర్ర సిరాతో నాలుగు ఊళ్లు కొట్టేశాను. లండన్‌కు ఎలాగూ వేరే వీసా కావాలి. మిగిలినవి పారిస్, ఇంటర్‌లాకెన్, వెనిస్. మూడు ఊళ్లు, రెండే రైలు ప్రయాణాలు. పారిస్‌లో విమానం దిగి, వెనిస్‌లో ఎక్కి వచ్చేయడం. వచ్చిన దారినే మళ్లీ వెనక్కి పోవక్కర్లేదు.

మంచుకొండ అంటే యుంగ్‌ఫ్రావ్. ఇంటర్‌లాకెన్ నుంచి బళ్లు మారుతూ పైదాకా రైల్లోనే పోవచ్చు. పై స్టేషను ఎత్తు 3,454 మీటర్లు. 1912 నుంచీ నడుస్తున్న లైను! స్విట్జర్లాండులో అన్ని పాటలు తీసిన యష్ చోప్రాకు ఆ ఇంటర్‌లాకెన్ వాళ్లు విగ్రహమే పెట్టారు. మోకాళ్ల నొప్పులున్న అక్కకి ఇంతకంటే ఏం కావాలి?

ఇక మీలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన ఉంటే ఈ నాలుగు ముక్కలూ కత్తిరించి దాచుకోండి.

ఒకటి, స్టేషను పేరు. హైదరాబాదు అంటే నాంపల్లా, కాచిగూడా, సికింద్రాబాదా అని అడుగుతాం కదా? పారిస్ అంతే. లండన్ బండి గార్ దు నోర్‌లో ఆగుతుంది, స్విట్జర్లాండు బండి గార్ ద లియోన్‌లో బయల్దేరుతుంది. వెనిస్‌కూ రెండున్నాయి. మెస్త్రే గట్టు మీద, సాంతా లూచియా నీళ్ల మధ్య. అసలు వెనిస్‌లో కార్లు నడవవు. వంతెనల మెట్ల మీద పెట్టె మోసేది మీరే. ఆవకాయ జాడీ సర్దే ముందు ఇది గుర్తుంచుకోండి!

రెండు, చవక విమానం. టికెట్టు మీద పారిస్ అనే ఉంటుంది. దించేది బొవేలో అయితే అక్కణ్ణుంచి పారిస్ దాదాపు 80 కిలోమీటర్లు. గుంటూరని ఎక్కించుకుని అద్దంకిలో దించినట్టు! బస్సు ఖర్చు, పెట్టె ఖర్చు కలిపాకే చవకో కాదో తేల్చండి.

మూడు, రైలు పాస్. యూరప్ బయటివాళ్ల కోసం యూరైల్ పాస్ ఉంది. 27 ఏళ్ల లోపు కుర్రాళ్లకు తగ్గింపు కూడా. కానీ ఫ్రాన్సు, ఇటలీ వేగం బళ్లలో పాస్ ఉన్నా సీటుకు విడిగా డబ్బు కట్టాలి. మూడు ఊళ్లకయితే ముందుగా విడి టికెట్లు కొంటేనే చాలాసార్లు చవక. ఆ బళ్ల ధరలు రోజు దగ్గర పడేకొద్దీ పెరుగుతాయి. రిలీజు రోజు హాలు ముందు బ్లాకు టికెట్టు లాగా!

నాలుగు, వీసా. ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ మూడింటికీ ఒక్క షెంగెన్ వీసా సరిపోతుంది. ఎక్కువ రోజులు ఉండే దేశం వాళ్లకి దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలల ముందు నుంచీ తీసుకుంటారు. జూన్ ప్రయాణానికి మే దాకా ఆగకండి. వీసా చేతికి రాకముందు డబ్బు వాపసు రాని టికెట్లు కొనకండి.

ఇంత చెబుతున్నానంటే నేనేదో ఆరితేరినవాణ్ణని కాదు. దెబ్బ తిన్నవాణ్ణి! ఒకసారి ఇటలీలో రెండు బళ్లకి విడివిడిగా రెండు టికెట్లు కొన్నాను. మధ్యలో పన్నెండు నిమిషాలు. తెనాలిలో బండి మారినవాడికి ఇదో లెక్కా అనుకున్నా. మొదటి బండి ఇరవై నిమిషాలు లేటు. రెండోది నా కళ్ల ముందే తోక చూపించి వెళ్లిపోయింది. టికెట్టు గోవిందా! రెండు బళ్లకీ కలిపి ఒకే టికెట్టు తీసుకుని ఉంటే తర్వాతి బండి ఎక్కనిచ్చేవారట. ఆ రాత్రి బెంచీ మీద కూచుని తెలుసుకున్నాను.

'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే'లో స్విట్జర్లాండులో నాయికా నాయకులు రైలు తప్పిపోతారు. అక్కణ్ణుంచే కథ రంజుగా మారింది. సినిమాలో రైలు తప్పితే కథ మొదలవుతుంది బాబూ! మనకు తప్పితే ఖర్చు మొదలవుతుంది.

అందుకని ఫోటోకి నిలబడ్డప్పుడు హీరోలాగా నిలబడండి. ప్లాన్ వేసేటప్పుడు మాత్రం ప్రొడక్షన్ మేనేజర్ బుర్రతో వేయండి.

మావాడు కొత్త కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మావయ్యా, రోమ్ ఒక్కటి..." అన్నాడు.

"కట్!" అన్నాను.

వచ్చే వారం కలుద్దాం!