ఆదిలోనే హంసపాదు పడితే పడనివ్వండి

సెప్టెంబరు చివరి శనివారం అనుకోండి. పోయిన ఏడాది కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచిన జట్టు తన సొంత మైదానంలోనే ఓడిపోయింది. ఓడించింది ఎవరు? పట్టికలో అడుగున ఉంటుందని అందరూ అనుకున్న జట్టు. సాయంత్రం మీరు ఫోన్లో స్కోరు చూశారు. మొదట మీకేమనిపిస్తుంది? "ఏదో గాలివాటంగా గెలిచారులే" అనిపిస్తుందా? లేకపోతే "ఇక ఈ ఏడాది ఆ పెద్ద జట్టు పని అయిపోయినట్టే" అనిపిస్తుందా?

రెండూ తొందరపాటు మాటలేనని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. ఒప్పుకుంటారో లేదో చివర్లో మీరే రాయండి.

మలేషియాలోనో మారిషస్‌లోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ముందుగా ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆట కాదు. హెల్మెట్లు, భుజాల మీద ప్యాడ్లు పెట్టుకుని, కోడిగుడ్డులా రెండు కొసలూ సన్నగా ఉండే బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అందులోనూ పెద్ద యూనివర్సిటీల ఆట గురించి కాదు నేను రాసేది. ఒహాయో స్టేట్, టెక్సస్ లాంటి పేర్లు మన ఇళ్లలో అందరికీ తెలుసు. వాళ్ల స్టేడియాల్లో లక్షమంది పడతారు. నేను రాసేది డివిజన్ 3 కాలేజీల గురించి. ఇలాంటి జట్లు అమెరికాలో 200కు పైగా ఉన్నాయి. వీటిలో ఆటగాళ్లకి ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు. శనివారం మధ్యాహ్నం ఆడతారు, బస్సెక్కి తిరిగి వస్తారు, సోమవారం అందరితోపాటు ల్యాబుకి వెళతారు.

హంసపాదు అంటే ఏమిటి?

ఏదైనా పని మొదలుపెట్టగానే ఆటంకం వస్తే మనవాళ్లు "ఆదిలోనే హంసపాదు" అంటారు. మీ అమ్మమ్మో తాతయ్యో అనగా మీరు వినే ఉంటారు. ఈ మాట వెనక రాతపని ఉంది. చేత్తో రాసేటప్పుడు మధ్యలో ఒక అక్షరమో మాటో జారిపోతే, ఆ చోట చిన్న గుర్తు పెట్టి, మరిచిపోయినదాన్ని పైనో పక్కనో రాసేవారు. హంస పాదంలా కనిపించే ఆ గుర్తే హంసపాదు. రాయడం మొదలుపెట్టగానే ఆ గుర్తు పెట్టాల్సి వస్తే "ఆదిలోనే" పడినట్టు.

ఇప్పుడు ఆలోచించండి. హంసపాదు పెట్టినవాడు కాగితం చింపెయ్యలేదు. ఏది తప్పిపోయిందో చూసుకున్నాడు, అక్కడే చేర్చాడు, రాత కొనసాగించాడు. అంటే ఆ గుర్తు పాడైపోయిందని చెప్పే గుర్తు కాదు, దిద్దుకోవచ్చని చెప్పే గుర్తు. సీజన్ మొదట్లో వచ్చే అనుకోని ఓటమి కూడా అలాంటిదేనని నేనంటాను.

మొదట్లోనే ఎందుకు తారుమారవుతుంది?

కాన్ఫరెన్స్ అంటే ఒక ప్రాంతంలోని కొన్ని కాలేజీల కూటమి. ఏటా వాటిలో అవే తలపడతాయి. డివిజన్ 3లో ఒక జట్టు మామూలు సీజన్‌లో 10 ఆటలు ఆడుతుంది. కాన్ఫరెన్స్‌లో 10 జట్లుంటే తొమ్మిది ఆటలు అక్కడే అయిపోతాయి. బయటి జట్టుతో ఆడడానికి మిగిలేది ఒక్కటే. కాబట్టి తమ బలమేమిటో తమకే సరిగా తెలియకముందే అసలు పోటీ మొదలైపోతుంది.

చాలా కాన్ఫరెన్స్‌లలో సీజన్‌కి ముందే కోచ్‌లు ఓట్లు వేసి ఎవరు మొదట, ఎవరు చివర అని ఒక పట్టిక తయారుచేస్తారు. ఆ పట్టిక దేన్ని చూసి వేస్తారు? చాలావరకు పోయిన ఏడాది ఫలితాలను చూసే. కానీ పోయిన ఏడాది ఆడిన నాలుగో సంవత్సరం విద్యార్థులు చదువు ముగించి వెళ్లిపోయారు కదా! కొత్త క్వార్టర్‌బ్యాక్ ఎలా ఆడతాడో ఎదుటి జట్టుకి తెలియదు. చూసి నేర్చుకోవడానికి అతని ఆటల వీడియోలు కూడా ఒకటో రెండో తప్ప ఉండవు. వేసవి అంతా కష్టపడి బలం పెంచుకున్న మూడో సంవత్సరం కుర్రాడి పేరు ఏ పట్టికలోనూ కనిపించదు. అందుకే ఆగస్టు పట్టిక నిన్నటి పేపరు లాంటిది. అందులో ఉన్నది అబద్ధం కాదు, కానీ పాతబడిపోయింది.

అలాంటప్పుడు సెప్టెంబరులో ఫలితం తారుమారైతే అది గాలివాటం ఎలా అవుతుంది? చాలాసార్లు తప్పింది ఆట కాదు, మన అంచనా.

రెండు పెద్ద జట్లు, రెండు దారులు

విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే ఊరుంది. అక్కడి విస్కాన్సిన్ యూనివర్సిటీ జట్టు 2009, 2010, 2011లలో వరసగా మూడేళ్లు డివిజన్ 3 జాతీయ ఛాంపియన్. మూడేళ్లలో ఒక్క ఆట కూడా ఓడలేదు. 2012 సీజన్‌లో మొదటి ఆట కూడా గెలిచి, వరస విజయాలను 46కు పెంచుకుంది. రెండో ఆటలో న్యూయార్క్ నుంచి వచ్చిన బఫలో స్టేట్ జట్టు వాళ్లని వాళ్ల మైదానంలోనే 7-6తో ఓడించింది. ఒకే ఒక్క పాయింటు తేడా! అది కాన్ఫరెన్స్ ఆట కాదు. అయినా దాని నీడ కాన్ఫరెన్స్ మీద కూడా పడింది. ఆ ఏడాది వైట్‌వాటర్ మొత్తం మూడు ఆటలు ఓడి, ప్లేఆఫ్‌లకే వెళ్లలేకపోయింది. ఆ మొదటి ఓటమిని "ఏదో పొరపాటు" అని కొట్టిపారేసినవాళ్లు ఎవరైనా ఉంటే నవంబరు నాటికి నాలిక కరుచుకుని ఉంటారు. కానీ కథ అక్కడితో ఆగలేదు. 2013లో, 2014లో మళ్లీ వైట్‌వాటరే జాతీయ ఛాంపియన్. దిద్దుకోవడానికి వాళ్లకి ఒక ఏడాది పట్టింది, అంతే.

రెండో కథ ఒహాయోలో, అలయన్స్ అనే చిన్న ఊళ్లో జరిగింది. అక్కడి మౌంట్ యూనియన్ కాలేజీ జట్టు పేరు చెబితే డివిజన్ 3లో తెలియనివాళ్లుండరు. 1994లో బాల్డ్‌విన్-వాలెస్ చేతిలో ఓడిన తర్వాత, మామూలు సీజన్‌లో ఆ జట్టు వరసగా 110 ఆటలు గెలిచింది. అంటే ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు హైస్కూలు ముగించే దశకి వచ్చేవరకు నవంబరు ప్లేఆఫ్‌లకు ముందు వాళ్లు ఓడడం ఎవరూ చూడలేదు. 2005 అక్టోబరులో అదే కాన్ఫరెన్స్‌లోని ఒహాయో నార్తర్న్ జట్టు వాళ్లని 21-14తో ఓడించింది. అప్పటికి సీజన్ సగం దాటింది నిజమే. కానీ ఇంకా ఆటలు మిగిలే ఉన్నాయి. మౌంట్ యూనియన్ వాటిని గెలిచింది, ప్లేఆఫ్‌లు గెలిచింది, చివరికి స్టాగ్ బౌల్ అనే జాతీయ ఫైనల్లో వైట్‌వాటర్‌ని 35-28తో ఓడించి అదే ఏడాది ఛాంపియన్ అయింది.

చూశారా? దాదాపు ఒకే రకం ఓటమి. ఒక జట్టు ఆ ఏడాదికి చితికిపోయింది, ఇంకో జట్టు ఆ ఏడాదే శిఖరం ఎక్కింది. అనుకోని ఫలితం వచ్చిన రోజున ఈ రెంటిలో ఏది జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ రోజే తీర్పు చెప్పేయకండి అంటున్నాను.

"10 ఆటల సీజన్‌లో ఒక్క ఓటమి కూడా ప్రమాదమే కదా?" అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. కానీ కాన్ఫరెన్స్ గెలిచిన జట్టుకి ప్లేఆఫ్‌లలో నేరుగా చోటు దొరుకుతుంది. 2024 నుంచి ప్లేఆఫ్‌లకు 40 జట్లు వెళుతున్నాయి, అంతకుముందు 32 వెళ్లేవి. మొదట్లో ఓడినవాళ్లకి దిద్దుకునే వ్యవధి ఉంది. నవంబరులో ఓడినవాళ్లకి అది లేదు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. రెండు జట్లు సమానంగా నిలిస్తే, సాధారణంగా ఒకరితో ఒకరు ఆడినప్పుడు ఎవరు గెలిచారని చూస్తారు. అంటే చిన్న జట్టు సెప్టెంబరులో గెలిచిన ఆట నవంబరులో టైటిల్ తెచ్చిపెట్టవచ్చు. మొదట్లో వచ్చిన గెలుపు చిన్నదేమీ కాదు.

ఆశ్చర్యానికి చోటు లేకపోతే

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇలాంటి అనుకోని ఫలితాలు అసలు రాకుండా పోతే ఏమవుతుంది?

మినెసోటా రాష్ట్రంలో ఎమ్‌ఐఏసీ అనే కాన్ఫరెన్స్ ఉంది. 2017లో ఆ కాన్ఫరెన్స్ ఆటలో సెయింట్ థామస్ జట్టు సెయింట్ ఓలాఫ్ మీద 97-0తో గెలిచింది. పొరపాటున అచ్చయిన అంకె కాదు, తొంభై ఏడు, సున్నా! 7-6తో ఓడిన జట్టు తన తప్పు ఎక్కడుందో వెతుక్కోగలదు. 97-0తో ఓడిన జట్టు ఎక్కడని వెతుక్కుంటుంది? పేజీ నిండా హంసపాదులే అయితే చదివేది ఏముంటుంది? గెలిచినవాళ్లకి కూడా ఆ రోజు నేర్చుకున్నది ఏమీ ఉండదు.

2019లో ఆ కాన్ఫరెన్స్ సెయింట్ థామస్‌ని బయటికి పంపాలని నిర్ణయించింది. చెప్పిన కారణం, పోటీలో సమానత్వం లేకపోవడం. ఫుట్‌బాల్‌లోనే కాదు, మిగతా ఆటల్లోనూ వాళ్లే ఎక్కువ గెలుస్తుండేవారు. విద్యార్థుల సంఖ్యలో కూడా ఆ యూనివర్సిటీ తక్కినవాటికంటే బాగా పెద్దది. 2021లో వాళ్లు ఏకంగా డివిజన్ 1కి వెళ్లిపోయారు.

చిన్న కాలేజీల బాధ నాకు అర్థమవుతుంది. 18 ఏళ్ల కుర్రాళ్లని వారం వారం ఓడడానికే బస్సెక్కించడం ఏ కోచ్‌కీ ఇష్టం ఉండదు. అయినా ఆ నిర్ణయం నాకు పూర్తిగా నచ్చలేదు. ఎందుకంటే అదే కాన్ఫరెన్స్‌లోని సెయింట్ జాన్స్ జట్టు 2018లో, 2019లో సెయింట్ థామస్‌ని ఓడించింది. ఎవరూ గెలవలేరని అనుకున్న జట్టుని గెలిచినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు! పెద్ద జట్టుతోపాటు, ఆ పెద్ద జట్టుని ఏదో ఒక శనివారం ఓడించే అవకాశం కూడా వెళ్లిపోయింది.

అదే సెయింట్ పాల్ నగరంలో మెకాలెస్టర్ అనే ఇంకో కాలేజీ ఉంది. 1970లలో ఆ జట్టు వరసగా 50 ఆటలు ఓడింది. 1980 సీజన్ మొదటి ఆటలో, చివరి క్షణాల్లో కొట్టిన ఫీల్డ్ గోల్‌తో 17-14 స్కోరుతో గెలిచి ఆ వరసకి ముగింపు పలికింది. ఆ తర్వాత కూడా పోటీకి తట్టుకోలేక, 2002 నుంచి ఫుట్‌బాల్‌లో ఎమ్‌ఐఏసీకి దూరంగా ఉండి ఆడింది. 2014లో మిడ్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరింది. చేరిన మొదటి ఏడాదే టైటిల్ గెలిచింది! చివరికి 2021లో ఎమ్‌ఐఏసీకి తిరిగి వచ్చింది. సెయింట్ థామస్ వెళ్లిపోయిన ఏడాది కూడా అదే. ఒకే ఊళ్లో రెండు కాలేజీలు. ఒకటి బలం చాలక వెళ్లి తిరిగొచ్చింది. ఇంకొకటి బలం ఎక్కువై వెళ్లిపోయింది.

మెకాలెస్టర్ 50 ఆటలు ఓడినప్పుడు "ఇక చాలు, జట్టు మూసేయండి" అని ఉంటే 2014 వచ్చేదా?

నేను కోరేది

పెద్ద కోరికలేం కావు. కాన్ఫరెన్స్‌లో కనీసం మూడు ఆటలు పూర్తయ్యేవరకు ఎవరినీ "ఖాయం" అనకండి, ఎవరినీ "వృథా" అనకండి. చిన్న జట్టు గెలిస్తే ముందు ఆ జట్టు ఏం బాగా చేసిందో చూడండి, పెద్ద జట్టు ఏం పాడుచేసిందో తర్వాత చూడొచ్చు. ఆ తర్వాతి శనివారం కూడా మరిచిపోకుండా చూడండి. ఓడిన జట్టు దిద్దుకుందా, గెలిచిన జట్టు నిలబడిందా అన్నది ఆ రోజే తెలుస్తుంది.

మీ ఊరికి దగ్గర్లో చిన్న కాలేజీ ఉంటే ఒక్కసారి వెళ్లి ఆట చూడండి. అమ్మానాన్నలని కూడా తీసుకెళ్లండి. "ఈ కాలేజీ పేరు ఎప్పుడూ వినలేదే!" అని వాళ్లు అంటే నవ్వి ఊరుకోండి. వినని పేర్లే సెప్టెంబరులో వార్తల్లోకి ఎక్కుతాయి.

ఇప్పుడు మీ వంతు

1. సెయింట్ థామస్‌ని బయటికి పంపడం న్యాయమేనా? ఐదారు వాక్యాల్లో మీ అభిప్రాయం రాయండి. నాతో ఒప్పుకోకపోతే మరీ మంచిది, కారణం మాత్రం చెప్పండి.

2. "గాలివాటం", "నాలిక కరుచుకోవడం", "కొట్టిపారేయడం": వీటిని మీ సొంత వాక్యాల్లో వాడండి.

3. మీ జీవితంలో "ఆదిలోనే హంసపాదు" పడిన పని ఒకటి గుర్తుచేసుకోండి. అప్పుడు ఏది తప్పిపోయిందని తెలిసింది? తర్వాత దాన్ని చేర్చారా? ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి, వాళ్ల కథ కూడా అడిగి రాయండి.