బొమ్మ వేదిక మీద... బొమ్మ చేసినోడు గేటు బయటా?

విశాఖలో పెద్ద సభ అనగానే ముందు లేచేది గుడారం. 2023 మార్చిలో ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సు ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో జరిగింది. ప్రభుత్వం మారింది. 2025 నవంబరులో సీఐఐ భాగస్వామ్య సదస్సూ అదే మైదానంలో! రెండుసార్లూ ప్రకటించిన ఒప్పందాల విలువ 13 లక్షల కోట్ల రూపాయల పైమాటే. అంత సొమ్ము గురించి మాట్లాడినవాళ్లకు నాలుగు గోడలు, ఒక పైకప్పు లేవు. విద్యార్థుల మైదానంలో పాతిన గుంజలు పీక్కుని పోయారు. ఊరికి మిగిలిందేమిటి?

ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్‌కు ఈ తిప్పలు రాలేదు. 2006 మేలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం ఉందంటే, ఆ వేళకు హెచ్‌ఐసీసీ సిద్ధమైంది. ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ అందులో భాగస్వామి. అక్కడ భూమి దొరికింది, గడువు గుర్తుంది. మన దగ్గరికొచ్చేసరికి పాలకులకు మతిమరుపు!

బీచ్ రోడ్డులో హార్బర్ పార్కు భూమి కథ చూడండి. దాదాపు 14 ఎకరాలు. 2018లో కన్వెన్షన్ సెంటర్, హోటల్, మాల్ కడతారంటూ లులు సంస్థకు ఇచ్చి శంకుస్థాపన చేశారు. 2019 అక్టోబరులో రద్దు చేశారు. 2025లో మళ్లీ అదే సంస్థకు, 99 ఏళ్ల లీజుకు! ఈసారి గట్టిగా వినిపించిన మాట షాపింగ్ మాల్. ఇచ్చినా, తీసుకున్నా, మళ్లీ ఇచ్చినా ఉత్తరాంధ్ర జనాన్ని అడిగిన పాపాన పోలేదు.

ఇందులో ఏటికొప్పాకకేం పని అంటారా? చాలా ఉంది. విశాఖకు 60 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తిప్పి, లక్క అద్ది బొమ్మలు చేసే ఊరది. పసుపు, నీలిమందు వంటి ప్రకృతి రంగులే వాడతారు. 2017లో ఆ బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో సి.వి. రాజుకు పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ వీధిలో రాష్ట్ర శకటమే ఏటికొప్పాక బొమ్మలు. చప్పట్లకు కొదవ లేదు. కానీ చప్పట్లతో పొయ్యి వెలగదు కదా!

నిజమైన సభా కేంద్రం ఉంటే ఏడాది పొడుగునా డాక్టర్ల సభలు, ఉద్యోగ సంఘాల మహాసభలు, పుస్తకాల పండగలు జరుగుతాయి. పరాయి ఊరి నుంచి వచ్చినవాడు ఇంటికెళ్లే రోజున పిల్లలకు ఏదో ఒకటి కొంటాడు. లక్క పిడతలు సంచిలో బరువు కావు. మూడు రోజుల స్టాలు కాదు, శాశ్వతమైన దుకాణాల వరుస కావాలి. అది కళాకారుల సహకార సంఘం చేతిలోనే ఉండాలి. సహకారం ఆ ఊరికి కొత్తా? 1933లోనే సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టిన ఊరది.

కట్టేది ప్రభుత్వ భూమిలో ప్రభుత్వమే కట్టాలి. ఐదువేల మంది హాలొక్కటే చాలదు. విద్యార్థి సంఘం, టీచర్ల సంఘం అద్దె కట్టగలిగిన రెండొందల మంది హాళ్లు నాలుగైనా కావాలి. అద్దె రేట్లు గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. స్టార్ హోటల్ హాళ్లు మనకు కాదు మిత్రులారా, వాటి గేటు దాటాలంటేనే నెల జీతం చూసుకోవాలి.

ముందు హార్బర్ పార్కు లీజు కాగితాలు తెలుగులో అచ్చేసి జీవీఎంసీ ఆఫీసు గోడకు అంటించండి. కొత్త శంకుస్థాపన రాయి సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.