స్కూలు డైరీలో చట్టానికీ ఒక పేజీ ఇప్పించండి

హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డీఈవో గారికి,



ఏటా జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ వారం ఆబిడ్స్, నాంపల్లి, కోఠి చుట్టుపక్కల ఇళ్లలో పుస్తకాలకు అట్టలు వేయడం, లేబుళ్లు అంటించడం అయ్యాక తల్లిదండ్రులకు ఇంకో పని మిగులుతుంది. స్కూలు డైరీలో ‘తల్లిదండ్రులకు సూచనలు’ అనే పేజీ చదివి కింద సంతకం పెట్టాలి. మా గల్లీలో ఇంగ్లీషు చదవగలిగిన కొద్దిమందిలో నేనొకణ్ని కాబట్టి ఇరుగుపొరుగు పిల్లల డైరీలు కూడా నా చేతికి వస్తుంటాయి. అవి వేర్వేరు బడులవి. అయినా ఆ పేజీ మాత్రం అన్నిట్లో దాదాపు ఒకలాగే ఉంటుంది. తల్లిదండ్రులు ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఆలస్యమైతే ఎంత జరిమానా, ఇవే ఉంటాయి. బడి ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పే వాక్యం వాటిలో ఒక్కటీ నాకు కనిపించలేదు.

నిజానికి అలాంటి వాక్యాలు చాలానే ఉన్నాయి. పార్లమెంటు చట్టం చేసింది, రాష్ట్ర ప్రభుత్వం జీవోలు ఇచ్చింది, మీ కార్యాలయమూ ఉత్తర్వులు పంపుతోంది. అవి ఫైళ్ల దాకా వెళ్తున్నాయి గానీ ఇళ్ల దాకా రావడం లేదు. వాటిని ప్రతి ప్రాథమిక పాఠశాల డైరీలో, తల్లిదండ్రుల సూచనలకు ఎదురుగా, ఇంట్లో మాట్లాడుకునే భాషలో అచ్చు వేయించమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ మార్పు గన్‌ఫౌండ్రీలోనే మొదలైతే బాగుంటుంది. రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోత పోయించిన చోటు ఇది. తర్వాతి కాలంలో ఇదే పేట బడులకు నెలవైంది. ఆల్ సెయింట్స్ 1855లో, రోజరీ కాన్వెంట్ 1904లో, ఆడపిల్లల కోసం మహబూబియా 1907లో వచ్చాయి. ఆబిడ్స్‌లో 1834 నాటి సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, చాపెల్ రోడ్డులో 1895 నాటి స్టాన్లీ బాలికల పాఠశాల ఉన్నాయి. ఏ బడినీ తప్పుపట్టడానికి ఈ పేర్లు చెప్పడం లేదు. ఇక్కడి జనం ఎన్ని తరాలుగా చదువుకోసం ఈ గేట్ల ముందు నిలబడుతున్నారో గుర్తుచేస్తున్నానంతే. పెద్ద బడులతో పాటు గల్లీల్లో రెండంతస్తుల ఇళ్లలో నడిచే చిన్న బడులూ ఉన్నాయి. బేగంబజార్ కొట్లలో గుమాస్తాలు, ఆబిడ్స్ బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు, ఆటోవాళ్లు, హోటల్ వంటవాళ్లు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు తమ పిల్లల్ని వీటిలో చదివించుకుంటున్నారు.

ముందుగా ఒక మాట. డైరీలోని నిబంధనల్లో చాలావాటిని నేను మనస్ఫూర్తిగా పాటిస్తాను. గేటు వేసే వేళ కచ్చితంగా ఉండాల్సిందే. ఐడీ కార్డు చూపిస్తే గానీ పిల్లను అప్పగించకపోవడం ఇంత రద్దీగా ఉండే చోట చాలా అవసరం. జ్వరం వచ్చిన పిల్లను పంపొద్దని, బంగారు గొలుసు వేయొద్దని, పుట్టినరోజున ఖరీదైన కానుకలు పంచొద్దని చెప్పడం న్యాయమే. ఏప్రిల్ 1, 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం పదో సెక్షన్‌లో తల్లిదండ్రులకూ ఒక విధి పెట్టింది. బిడ్డను బడిలో చేర్చడం మా బాధ్యత అంది. ఆ బాధ్యతను మేం కాదనడం లేదు. అదే చట్టం బడికి పెట్టిన బాధ్యతలు కూడా మాకు తెలియాలి కదా.

చేర్చుకునే రోజునే చూడండి. అయిదారేళ్ల పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. తర్వాత అమ్మానాన్నల చదువెంత, జీతమెంత అని అడుగుతారు. పదమూడో సెక్షన్ ప్రకారం పిల్లనైనా తల్లిదండ్రులనైనా ఇలా వడపోయడం నిషేధం. మొదటిసారి చేస్తే 25,000 రూపాయల దాకా, ఆపైన ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది. క్యాపిటేషన్ ఫీజు తీసుకుంటే దానికి పదింతల దాకా కట్టాలి. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా పంపేయకూడదని పద్నాలుగో సెక్షన్ అంటుంది. పల్లె నుంచి పనికోసం వచ్చి నాంపల్లిలో గది అద్దెకు తీసుకున్న కుటుంబానికి ఈ ఒక్క వాక్యం తెలిస్తే పిల్లకు ఒక ఏడాది చదువు మిగులుతుంది. బర్త్ సర్టిఫికెట్ తెమ్మంటే వాళ్లు ఊరికి వెళ్తారు, పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరుగుతారు, ఆలోగా జూన్, జులై గడిచిపోతాయి.

బడి మారే రోజు సంగతి కూడా ఇలాగే ఉంటుంది. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపితే, చేతిలో టీసీ లేదని పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టుకున్న తల్లులను నేను చూశాను. ప్రభుత్వ బడికో, ఎయిడెడ్ బడికో మారే బిడ్డకు హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలని అయిదో సెక్షన్ చెబుతోంది. ఇవ్వడంలో జాప్యం చేస్తే ఆయన మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. ఈ సంగతి తెలియక పిల్లలు వారాల తరబడి చదువు పోగొట్టుకుంటున్నారు. బాకీ పెద్దవాళ్ల మధ్య వ్యవహారం. దాన్ని వసూలు చేసుకునే దారులు బడికి ఉన్నాయి. బిడ్డ చదువును తాకట్టు పెట్టుకునే దారి మాత్రం చట్టం ఇవ్వలేదు.

ఇక ఫీజు కట్టలేదని తరగతి బయట నిలబెట్టడం, అందరి ముందూ పేరు చదవడం, పరీక్ష రోజున హాల్ టికెట్ ఇవ్వకపోవడం. పదిహేడో సెక్షన్ పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అంతకు ముందే, 2002 ఫిబ్రవరిలో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం విద్యా నిబంధనలు సవరించి బడుల్లో దండన నిలిపేసింది. ఏడేళ్ల పిల్లకు ఫీజు గురించి ఏం తెలుస్తుంది? నాన్న దగ్గర డబ్బు లేదని నలుగురిలో తెలిసిపోయిందన్న సిగ్గు మాత్రం తెలుస్తుంది. ఆ సిగ్గుతో పాఠం బుర్రకెక్కదు. ఇంటికొచ్చి కడుపునొప్పి అంటుంది, మర్నాడు బడికి పోనంటుంది.

సంచి బరువుకూ లెక్క ఉంది. 2017లో మన రాష్ట్ర ప్రభుత్వం ఒకటి, రెండు తరగతుల పిల్లల సంచి కిలోన్నర దాటకూడదని, మూడు నుంచి అయిదు దాకా రెండు మూడు కిలోలు మించకూడదని, ప్రాథమిక తరగతులకు హోంవర్క్ ఇవ్వొద్దని ఉత్తర్వు ఇచ్చింది. మా గల్లీలో రెండో తరగతి పిల్లల సంచులు ఎత్తి చూస్తే ఆ ఉత్తర్వు ఏ బడి దాకా వచ్చిందో అర్థం కాదు. యూనిఫాంల విషయంలో 2024 మే నెలలో మీ కార్యాలయమే, ప్రైవేటు బడుల ఆవరణలో యూనిఫాంలు, బూట్లు, బెల్టులు అమ్మకూడదని, పుస్తకాలు అమ్మితే లాభం లేకుండా అమ్మాలని ఆదేశించింది. మంచి ఆదేశమది. పత్రికల్లో కనిపించింది, ఆ తర్వాత మరుగున పడింది. జూన్ ఎండలో షాపు ముందు వరుసలో నిలబడ్డ తల్లుల్లో ఎందరికి ఆ సంగతి తెలుసు? అదే ఆదేశం డైరీలో రెండు వాక్యాలుగా ఉండి ఉంటే కోఠి మార్కెట్లో తమకు అందిన ధరకు కొనుక్కునేవాళ్లు.

టీచర్లతో మాట్లాడటం మాట కూడా చెప్పాలి. తరగతి వేళల్లో రావొద్దని, అపాయింట్‌మెంట్ లేకుండా కలవొద్దని డైరీలు చెబుతాయి. పాఠం మధ్యలో వెళ్లకూడదన్నది సబబే. కానీ తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి చెప్పడం టీచరు విధి అని ఇరవై నాలుగో సెక్షన్ అంటుంది. ఆ మాట తెలియని తల్లి, మీటింగ్ అనగానే ఫీజు అడగడానికే పిలుస్తున్నారనుకొని భయపడుతుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, కమిటీ సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలని ఇరవై ఒకటో సెక్షన్ చెబుతోంది. తమకు అలాంటి పెద్దరికం ఉందని ఎరిగిన తల్లులు ఈ పేట సర్కారు బడుల్లో ఎంతమంది ఉంటారు?

గన్‌ఫౌండ్రీలో దీనికి తోడు మరో చిక్కు కూడా ఉంది. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు, మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఈ చుట్టుపక్కల మైనారిటీ సంస్థలు నడిపే బడులు చాలా ఉన్నాయి. పక్క పక్క గేట్లలో చదివే ఇద్దరు పిల్లలకు వర్తించే చట్టం వేరువేరుగా ఉండొచ్చు. ఆ తేడా ఏ తల్లిదండ్రులకూ పిల్లల్ని చేర్చే ముందు చెప్పరు. కాబట్టి ఆ పేజీలో మొదటి వాక్యం, ఈ బడికి గుర్తింపు ఏ తరగతి దాకా ఉంది, ఇది మైనారిటీ సంస్థా కాదా, ఏ నిబంధనలు దీనికి వర్తిస్తాయి అనే వివరమే కావాలి. సంచి బరువు, దండన నిషేధం ఏ బడి పిల్లలకైనా ఒకటే అన్న మాటా అక్కడే ఉండాలి.

భాష సంగతికి వస్తాను. 2018లో మన శాసనసభ ఒకటి నుంచి పదో తరగతి దాకా అన్ని బడుల్లో తెలుగు బోధన తప్పనిసరి చేసింది. అంతకు ముందు ఏడాది ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా ప్రకటించింది. పిల్లకు తెలుగు నేర్పాలని చట్టం అడుగుతుంటే, ఆ పిల్ల తల్లికి పంపే కాగితం మాత్రం ఆమెకు రాని భాషలో వెళ్తోంది. తనకు అర్థం కాని పేజీ కింద ఆమె పెట్టే సంతకాన్ని ఒప్పుదల అనడం ధర్మం కాదు. మా పేటకు తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ కావాలి.

యాజమాన్యాలు ఒక అభ్యంతరం చెబుతాయని తెలుసు. సెక్షన్లు అచ్చు వేస్తే ప్రతి తండ్రీ కాగితం పట్టుకొని తగాదాకు వస్తాడంటారు. నేను చూసినంతలో తగాదాలు తెలియకపోవడం వల్లే ముదురుతున్నాయి. అనుమానం, పుకారు, వాట్సాప్‌లో తిరిగే సగం సగం మాటలు కోపాన్ని పెంచుతాయి. పైగా చదువుకున్నవాళ్లకు, పలుకుబడి ఉన్నవాళ్లకు ఈ చట్టం ఇప్పటికే తెలుసు. ప్రిన్సిపాల్‌కు ఒక ఫోన్ చేస్తే జరిమానా మాఫీ అవుతుంది, టీసీ సాయంత్రానికి వస్తుంది. ఫోన్ చేసేందుకు ఎవరూ లేని గుమాస్తా మాత్రం అణా పైసలతో సహా కడతాడు. అచ్చయిన పేజీ ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెడుతుంది. మంచిగా నడిచే బడికి ఆ పేజీ వల్ల నష్టమేమీ లేదు. తాను ఇప్పటికే పాటిస్తున్నది అందరికీ తెలుస్తుంది.

ఫీజులు ఎంత ఉండాలో మీ చేతిలో లేదని నాకు తెలుసు. 1994 జనవరి 1 నాటి జీవో 1 యాజమాన్యం మిగుల్చుకునేది ఫీజుల్లో అయిదు శాతం దాటకూడదంది. 2017లో ఫీజుల నియంత్రణపై ఆచార్య తిరుపతిరావు కమిటీ వచ్చింది. 2025 జనవరిలో విద్యా కమిషన్ అదే విషయంలో ముసాయిదా ఇచ్చింది. అది శాసనసభ తేల్చాలి. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్ల నిబంధన తెలంగాణ ఏర్పడ్డాక ఏళ్ల తరబడి అమలు కాలేదు. అది ప్రభుత్వం తేల్చాలి. నేను అడుగుతున్నది మాత్రం మీ సంతకంతో అయ్యే పని.

ఒకటి: జిల్లాలో గుర్తింపు పొందిన ప్రతి ప్రాథమిక పాఠశాల డైరీలో ‘బడి బాధ్యతలు’ అనే పేజీ తప్పనిసరి చేయండి. అందులో ఏముండాలో మీ కార్యాలయమే రాసి పంపాలి. బడికొక తీరుగా రాసుకోనివ్వొద్దు.

రెండు: అదే పేజీ తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల్లో గేటు పక్కన గోడ మీద, వచ్చేపోయేవాళ్లకు కనిపించే ఎత్తులో రాయించండి. డైరీలు ఇవ్వని సర్కారు బడుల్లో ఈ గోడే ఆధారమవుతుంది.

మూడు: ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో అందులో ఉండాలి. ఆ ప్రాంతపు డిప్యూటీ ఐవోఎస్ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్) హోదా, కార్యాలయం చిరునామా, చైల్డ్‌లైన్ నంబరు 1098 ఇవ్వండి. రాతపూర్వక ఫిర్యాదుపై స్థానిక అధికారి మూడు నెలల్లో తేల్చాలని ముప్పై రెండో సెక్షన్ చెబుతోందని కూడా చేర్చండి.

నాలుగు: డిప్యూటీ ఐవోఎస్‌లు తనిఖీకి వెళ్లినప్పుడు హాజరు పట్టికతో పాటు ఒక డైరీ తెరిచి చూడాలి, ఒకటో తరగతి సంచి ఒకటి తూకం వేయాలి. ఆ రెండూ తనిఖీ నివేదికలో రాయాలి.

డైరీలు వేసవి సెలవుల్లో ప్రెస్సుకు వెళ్తాయి. ఉత్తర్వు జూన్‌లో వస్తే ఆ ఏడాదికి ఆలస్యమైపోతుంది. బడులు మూసే ఏప్రిల్ లోపే ఇవ్వండి. అనువాదానికి ఖర్చు అని ఎవరూ వెనకాడనక్కర్లేదు. తెలుగు, ఉర్దూ, హిందీ బాగా వచ్చిన రిటైర్డ్ టీచర్లు ఈ పేటలోనే ఉన్నారు. పిలిస్తే వస్తారు, వాళ్లతో పాటు నేనూ కూర్చుంటాను. మొదట గన్‌ఫౌండ్రీ చుట్టుపక్కల బడుల్లో ఒక ఏడాది అమలు చేసి చూడండి. ఫలితం బాగుంటే జిల్లా అంతటికీ విస్తరించండి.

భవదీయుడు,
రెండో తరగతి చదివే ఒక పాప తండ్రి,
గన్‌ఫౌండ్రీ, హైదరాబాద్